ఆగు, సాగు

వచ్చినవాళ్లందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మెకానిక్కులు కూడా వచ్చి కూర్చోండి. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సంతాప సభలో ముందు కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరని నాకు తెలుసు. అయినా రండి. చివర్లో మీ అందరితో నాకు ఒక పని ఉంది.

నేను పోయినవాడికి అమ్మమ్మను. వాడి తల్లి, అంటే నా కూతురు, ఇదిగో ఇక్కడ కూర్చుని ఉంది. తను మాట్లాడలేనంది. మాట్లాడగలిగేదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

మొన్న మీ సైకిలు పందెం ఏడో అంచెలో, ఈ ఊరి వెనక కొండ దిగుతుండగా మా మనవడు పోయాడు. వాడి కోసం పందెం రెండు రోజులు ఆపారు. రేపు చివరి అంచె. ఈ హాల్లో కూర్చున్న ఆటగాళ్లంతా రేపు పొద్దున మళ్లీ అదే కొండ ఎక్కుతారు, అదే దిగుడు దిగుతారు. ఒకసారి కాదు, మూడుసార్లు. అందుకే నాయనలారా, పోయినవాణ్ణి తలుచుకుందామని వచ్చి, ఉన్నవాళ్ల ముఖాలు చూసి భయపడుతున్నాను.

వింటున్నారా, పైన రేకుల మీద వాన? మొన్న కూడా ఇలాగే సన్నగా మొదలైందట.

నా వెనక కట్టిన బ్యానరు మీద ‘దురదృష్టవశాత్తు మరణించిన’ అని రాశారు. రాసినవాళ్ల మనసు మంచిదే. కానీ నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇతరుల లెక్కలు సరిచూసినదాన్ని. ఎక్కడ రాయాలో తెలియని పద్దును అదృష్టం కింద, దురదృష్టం కింద రాస్తే ఒప్పుకునేదాన్ని కాదు. ఈ పద్దునూ ఒప్పుకోను.

ముందు వాడెవడో చెబుతాను. మీకు తెలిసినవాడే అయినా, నా నోట ఒకసారి వినండి.

సింహం, చిరుత, మెరుపు అని బిరుదులిచ్చుకునే ఆట మీది. అందులో మావాడికి దక్కిన బిరుదు గుంత. ముందు తొక్కేవాడు దారిలో కనబడ్డదాన్ని అరిచి చెప్పాలి, వెనకవాడు అందుకుని తన వెనకవాడికి చెప్పాలి, ఆ మాట అలా వరుస చివరిదాకా వెళ్లాలి. అది మీ పద్ధతి. అందరూ పెద్దవే చెబుతారట. మావాడు గులకరాయినీ వదలడు. గుంత, గుంత, గుంత అని రోజంతా అరిచేవాడని ఆ పేరు పెట్టారు. ఇంట్లోనూ అంతే. తల్లి వేడిపాల గిన్నె పట్టుకొస్తుంటే ‘అమ్మా, గడప’ అనేవాడు. నాకు కోపం వస్తోందని కనిపెడితే ‘అందరూ గేరు మార్చుకోండి, ఎత్తు వస్తోంది’ అని ఇల్లంతా వినబడేలా చెప్పేవాడు. ఆ ఎత్తు నేనే. నవ్వండి, ఫరవాలేదు. వాడు నవ్వించడానికే అనేవాడు.

వాడెప్పుడూ గెలవలేదు. గెలిచేవాడి ముందు తొక్కి, గాలి దెబ్బ తాను కాసి, ఆయన్ని కొండదాకా చేర్చి పక్కకు తప్పుకోవడం వాడి ఉద్యోగం. ‘ఎవడో గెలవడానికి నువ్వు కాళ్లరగదీసుకోవడమేమిట్రా’ అని ఒకసారి గట్టిగానే అడిగాను. వాడన్నాడు: ‘ఆఫీసరు సంతకం పెట్టే కాగితాన్ని ముందు నువ్వు సరిచూసేదానివి కదా అమ్మమ్మా. నాదీ అదే ఉద్యోగం.’ ఆ తరువాత నేను మళ్లీ అడగలేదు.

గెలిచే అవకాశం ఒక్కసారి వచ్చింది. కిందటేడు ఇంకో పందెంలో, ముగ్గురే ముందున్నారు. గమ్యం కనబడుతోంది. మలుపులో ఏదో లారీ కార్చిన నూనె ఉంది. మావాడు చూశాడు. చూసి ఊరుకుంటే తను పక్కనుంచి పోయేవాడు, ఆ ఇద్దరూ పడేవాళ్లు. చెయ్యెత్తి ‘నూనె’ అని అరిచాడు. ఎత్తిన చెయ్యి హ్యాండిలు మీదికి తిరిగి వచ్చేలోపు ఆ ఇద్దరూ దాటిపోయారు. మూడోవాడిగా వచ్చాడు. కోచ్ గారు తిట్టారు, తిట్టడం ఆయన పని. నోరు మూసుకుని ఉంటే గెలిచేవాడివి కదరా అన్నారట. దానికి వీడు, ‘చూసింది మింగితే అరగదు సార్’ అన్నాడట. కోచ్ గారే నాకు ఫోను చేసి చెప్పారు. తిట్టడానికి చేసి, చివరికి తిట్టకుండానే పెట్టేశారు.

ఇక మొన్నటి సంగతి. అమ్మాయీ, నువ్వు కావాలంటే బయటికి వెళ్లు. వెళ్లవా? సరే, విను.

ఏడో అంచెకు ముందురోజు వాడు కారులో వెళ్లి దారి చూసి వచ్చాడు. సాయంత్రం నాతో మాట్లాడాడు. కొండ మీద సొరంగం, అందులో దీపాలు వెలగడం లేదు. సొరంగం నోట్లోంచి బయటపడగానే ఎడమకు మలుపు. కుడిపక్క మోకాలెత్తు గోడ, గోడ అవతల ఏమీ లేదు. ‘ఆ కొండకు చెమటలు పడుతున్నాయి అమ్మమ్మా, నాకు నచ్చలేదు’ అన్నాడు. నిర్వాహకులను రెండు కోరాడు. లోపల దీపం, బయట జెండా పట్టుకుని ఒక మనిషి. చూస్తాం అన్నారు.

చూస్తాం అనే మాట మనందరికీ తెలుసు. సంబంధం నచ్చకపోతే చూస్తాం అంటాం. అప్పు ఇవ్వదలుచుకోకపోతే చూస్తాం అంటాం. చూడము అనడానికి మర్యాదైన మాట అది.

మొన్న మధ్యాహ్నం సొరంగంలోంచి మొదట బయటికి వచ్చినవాడు మావాడు. కొండ మీంచి బురదనీళ్లు రోడ్డుకడ్డంగా పారుతున్నాయి. ఎలాగో నిలదొక్కుకుని సైకిలు దిగాడు. చొక్కాకున్న మైకు నొక్కి వెనక కారులో ఉన్న కోచ్ గారితో ‘ఆగమనండి’ అన్నాడు. వాన, గాలి, సొరంగం హోరు. కోచ్ గారికి వినబడింది ‘సాగమనండి’ అని. ఆయన జట్టు అందరి చెవి రేడియోల్లోనూ ‘సాగండి, సాగండి’ అన్నారు. లోపల చీకట్లో ఉన్నవాళ్లు ఆ మాటే నోటినుంచి నోటికి అందించుకున్నారు. బ్రేకు మీది వేళ్లు తీసేశారు.

చూశారా? ఆగుకూ సాగుకూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. గాలి ఆ ఒక్క అక్షరాన్నీ చేర్చింది.

జెండా పట్టుకునే మనిషి లేడు కనుక మావాడే జెండా అయ్యాడు. మలుపు దగ్గర, గోడకు ముందు, రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. చీకట్లోంచి దూసుకొచ్చినవాళ్లు వాణ్ణి చూసి కొండవైపుకు మళ్లారు. జారి గోడవైపు వచ్చినవాళ్లను వాడు ఒంటితో ఆపాడు. ఒకణ్ణి ఆపాడు, లేచాడు. ఇంకొకణ్ణి ఆపాడు, లేచాడు. ఆ తరువాత వచ్చినవాడు గోడకు ఇవతల మిగిలాడు. మావాడు అవతలికి పోయాడు.

చివరి వరుసలో చేతికి కట్టుతో కూర్చున్న బాబూ, తల ఎత్తు. ఎత్తు నాయనా. నువ్వు మా వాకిట్లో చాలాసేపు నిలబడి, తలుపు తట్టకుండానే వెళ్లిపోయావని నాకు తెలుసు. నీ చెవిలో సాగమన్నారు, నువ్వు సాగావు. ఆపాల్సినవాడు ఆపాడు. నీ పేరు మీద నేను ఏ బాకీ రాసుకోలేదు. ఈసారి వస్తే తలుపు తట్టు.

కోచ్ గారూ, మీరు కూడా. తప్పుగా విన్న చెవికి శిక్ష లేదు. కానీ మళ్లీ అలాగే వినే ఏర్పాటు చేస్తే మాత్రం ఉంది.

ఇవాళ పొద్దున నేను ఆ కొండకు వెళ్లాను. వెళ్లొద్దన్నారు, వెళ్లాను. సొరంగంలో దీపాల్లేవు. నీళ్లు పారుతూనే ఉన్నాయి. విరిగిన గోడకు ప్లాస్టిక్ తాడు కట్టారు. దారి చూపే పచ్చ బాణాలు మాత్రం కొత్తవి అంటించారు, జిగురు ఇంకా ఆరలేదు. వాడు నిలబడ్డ చోట కూడా ఒకటి ఉంది. కిందికి చూపిస్తోంది.

ఇక్కడికి వస్తుంటే బయట పంచలో మీ సైకిళ్లన్నీ కడిగి, రేపటి నంబర్లు తగిలించి, వరసగా వేలాడదీసి ఉన్నాయి. అందులో మావాడిది కూడా ఉంది. మెకానిక్ బాబు రోజూ చేసే అలవాటున అదీ కడిగాడట, గొలుసుకు నూనె పెట్టాడట, తుడవడం అయ్యాక గుర్తొచ్చిందట. గాలికి చక్రాలు వాటంతట అవే తిరుగుతున్నాయి. టిక్కు టిక్కుమంటున్నాయి. మనిషి లేకుండానే బయలుదేరేలా ఉన్నాయి.

నిర్వాహకులను ఏం చేస్తారని అడిగాను. చూస్తాం అన్నారు.

అందుకే ఇక మిమ్మల్ని అడుగుతున్నాను. మీరంతా ఆ దారి చూసినవాళ్లు. చూసింది మింగితే అరగదని మీ గుంత చెప్పాడు. ఒక్కడు దిగనంటే వాడికి పిరికివాడని పేరు పెడతారు, ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. అందరూ ‘మేం దిగం’ అంటే ఎవరికి పేరు పెడతారు? ఎందరిని తెస్తారు? వాడు చెయ్యెత్తి నిలబడ్డది మొన్నటి ఒక్క రోజు కోసమేనా? రేపు ఆ మలుపులో ఎవరు నిలబడతారు?

జవాబు నోటితో చెప్పకండి. నోటి మాట ఏమవుతుందో మొన్న చూశాం.

ఇప్పుడు అందరం లేచి వాడి కోసం మౌనంగా నిలబడదాం. మౌనం ముగిసిందని నేను చెప్పను. ఎవరికి వారే చూసుకోండి. రేపు ఆ దిగుడు దిగేవాళ్లు కూర్చోండి, ఏమీ అనుకోను. దిగనివాళ్లు నిలబడే ఉండండి. నిలబడ్డ మనిషిని చూసి కూర్చున్నాడని ఎవరూ పొరబడరు.

లేవండి.