గాలి స్క్రూ మీద ఎర్ర గీత

బండి పాసయింది.

క్షమించాలి. ముందు సభకి నమస్కారం చెప్పి ఆ తర్వాతే మిగతా సంగతులు ఎత్తమని మా ఆవిడ పొద్దుటినుంచి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అందరికీ తెలుసు. కడుపులో ఇంత సంతోషం పెట్టుకుని వరస ప్రకారం మాట్లాడటం నావల్ల కాలేదు. అధ్యక్షులుగా కూర్చున్న మా ఓనరుగారికి, ముందు వరసలోని పెద్దలకి, గోడకి ఆనుకుని నిలబడ్డ నా తోటి మెకానిక్కులకి, కుర్చీ ఇచ్చినా కూర్చోని మా వెల్డింగు మేస్త్రికి పేరుపేరునా నమస్కారాలు. (నవ్వులు) ఈ సభ నా రిటైర్మెంటుకి పెట్టారని నాకు గుర్తుంది. అయినా నా గురించి చెప్పడానికి ఏముంది, ముప్పయ్యెనిమిదేళ్లు బండ్లు విప్పాను, బిగించాను.

పాసయింది మా అమ్మాయి బండి. ఇవాళ పొద్దున తనిఖీ ఆఫీసులో పొగ చూశారు, చప్పుడు చూశారు, రెండూ హద్దులోనే ఉన్నాయని కాగితం మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇదిగో, నా జేబులోనే ఉంది. (చప్పట్లు)

ఆ ముద్రకి అంత విలువెందుకో తెలియనివాళ్ల కోసం చెప్తాను. నేను వెళ్లాక కిటికీ పక్కనున్న నా పనిబల్ల ఎవరిదన్న మాట వచ్చినప్పుడు, ఈ షాపులోనే పని నేర్చుకుంటున్న మా అమ్మాయి తనకిమ్మని అడిగింది. ఓనరుగారు అవుననలేదు, కాదనలేదు. "అమ్మా, సైలెన్సరూ కార్బురేటరూ నీ చేత్తో మార్చిన బండి ఒకటి తనిఖీలో పాసు చేయించి చూపించు, బల్ల నీది" అన్నారు. న్యాయమైన మాట.

బండి ఒకప్పుడు మా మామగారిది. నాకీ పని నేర్పిన గురువు కూడా ఆయనే, పిల్లనివ్వడం ఆ తర్వాతి పొరపాటు. (నవ్వులు) నూరు సీసీల చిన్న బండి, దాని సైలెన్సరు తుప్పుపట్టి అడుగున జల్లెడైపోయింది. మా అమ్మాయి దాన్ని తీసేసి, పొగ తేలిగ్గా బయటికి పోయే రకం బిగించింది. మొదటిరోజు స్టార్టు చేస్తే ఎదురింటి టీచరమ్మ చేతిలో పుస్తకంతో సహా బయటికొచ్చి, మీ ఇంట్లో ఏమైనా కూలిందా అని నన్ను పరామర్శించింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు, చప్పుడొస్తే జోరొచ్చిందనుకుంటారు. పొగకి దారి వెడల్పు చేస్తే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, ఆ గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే వేడెక్కి మాడిపోతుంది. అందుకని కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క, జెట్టు అంటాం, అది ఒక సైజు పెద్దది వేయాలి. ఆ సంగతి మా అమ్మాయికి నేను చెప్పకుండానే తెలుసు. అందుకు సంతోషించాను, కొంచెం గుచ్చుకుంది కూడా.

మా మామగారి రోజులనుంచి షాపులో ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్పు. మార్చింది చీటీ మీద రాసి హ్యాండిలుకి కట్టాలి, బండి నడపాలి, స్పార్కుప్లగ్గు విప్పి రంగు చూడాలి, అప్పుడే రెండోది ముట్టుకోవాలి. ప్లగ్గు తెల్లబడితే పెట్రోలు చాలలేదు, మసిబారితే ఎక్కువైంది, ఇటుకరంగులో ఉంటే కుదిరింది.

ఇప్పుడు చెప్పబోయేది నేను కాగితం మీద రాసుకురాలేదు.

జెట్టు మార్చిన రోజునుంచి నాకు భయం పట్టుకుంది. పిల్ల రోజూ దానిమీదే తిరుగుతుంది, నడిరోడ్డు మీద ఇంజను వేడికి బిగుసుకుని పట్టేస్తే ఏమిటి గతి అని. అందుకని రోజూ పొద్దున, తను స్నానానికి వెళ్లగానే, నోట్లో బ్రష్షుతోనే వెళ్లి కార్బురేటరు పక్కనున్న గాలి స్క్రూని పావు చుట్టు లోపలికి బిగించేవాణ్ణి. గాలి తగ్గితే పెట్రోలు వంతు పెరుగుతుంది, పిల్ల క్షేమంగా ఉంటుందని నా తెలివి. చీటీ రాయలేదు, ఏమని రాస్తాను? సాయంత్రం తను ప్లగ్గు విప్పితే మసి. జెట్టు ఎక్కువైందనుకుని చిన్నది వేసింది. మర్నాడు నేను ఇంకో పావు చుట్టు. మళ్లీ మసి, ఇంకా చిన్న జెట్టు. ఆ స్క్రూ ప్రతాపమంతా బండి నిదానంగా ఉన్నప్పుడే, వేగంలో ఇంజనుని కాపాడేది జెట్టే అని ఈ షాపులో అందరికీ నేర్పినవాణ్ణి నేను. ఆరో రోజు వంతెన ఎక్కుతుండగా ఆ చిన్న జెట్టుతో పెట్రోలు చాలక ఇంజను పట్టేసింది. దేవుడి దయవల్ల పిల్లకి ఏమీ కాలేదు.

బండిని ట్రాలీలో వేసుకొచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లంతా చూశారు. వెల్డింగు మేస్త్రి, "మాడిన వాసన వస్తోందేంటి పాపా, వంటా?" అని ఏడిపించాడు. ఓనరుగారు నా దగ్గరికొచ్చి, ఇంకా చిన్నపిల్ల, దానికి తొందరేముంది, బల్ల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. నేను "అవునండి" అన్నాను. మా అమ్మాయి రెండు గజాల దూరంలో కూర్చుని కిరసనాయిలుతో సామాన్లు కడుగుతోంది. వినపడింది, తలెత్తలేదు.

కార్బురేటరు విప్పినప్పుడే స్క్రూ ఎన్ని చుట్లు లోపలికి పోయిందో తను లెక్కపెట్టుకుందని నాకు తెలియదు. పిస్టను కొత్తది వేసి, అన్నీ మొదటినుంచి సరిచేసి, ఆ స్క్రూ మీద గోళ్లరంగుతో ఎర్ర గీత గీసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మర్నాడు కూడా నా చెయ్యి ఊరుకోలేదు, గీత పక్కకి జరిగింది. మూడో రోజు నేను బ్రష్షుతో వెళ్లేసరికి హ్యాండిలుకి చీటీ వేలాడుతోంది. "గాలి స్క్రూ: ఎర్ర గీత దగ్గర. నాన్న చెయ్యి: జేబులో." (నవ్వులు)

వెనక తలుపు దగ్గర తనే నిలబడి ఉంది. అరవలేదు. "బయటివాళ్ల బండైతే చీటీ రాసేవాడివే కదా నాన్నా" అంది, అంతే. నేను నోట్లో ఉన్న నురగ మింగేశాను.

ఆ తర్వాత కూడా తను ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెప్తున్నాను. ఓనరుగారూ, ఆ ఇంజను పట్టేసింది మా అమ్మాయివల్ల కాదు, నావల్ల. ఆ రోజు మీ మాటకి అవునండి అన్నాను. ఇవాళ ఇందరి ముందు కాదండి అంటున్నాను. (చప్పట్లు)

ఆ చీటీ తర్వాత పదిహేను రోజుల్లో తను జెట్టు కుదిర్చింది, సైలెన్సరు లోపల చప్పుడు తగ్గించే గొట్టం అమర్చింది, ప్లగ్గు ఇటుకరంగుకి తెచ్చింది. తనిఖీ జరిగినంతసేపూ నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని ముప్పయ్యెనిమిదేళ్లలో చేయలేదు.

నన్ను భరించిన ఓనరుగారికి, నా పాత జోకులకి కొత్తగా నవ్విన మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అమ్మా, బల్ల కింది సొరుగు కొంచెం పైకెత్తి లాగితేనే వస్తుంది. ఇక సెలవు.

ఆగండి, ఎవరెవరికి కబురు చేయాలో మా ఆవిడ మర్చిపోతుంది, ఇక్కడే చెప్పేస్తాను. మా పెద్దక్కకి ముందు, ఆడపిల్ల గోళ్లలో గ్రీజేమిట్రా అన్నందుకు. మా తోడల్లుడికి, దాన్ని టపాకాయల బండి అన్నందుకు. మా వియ్యపురాలికి, బండి పాసయిందా అని రోజూ అడుగుతున్నందుకు. మేనకోడలికి, గోళ్లరంగు సీసా తనది గనక, ఇక అది తిరిగి రాదని కూడా కలిపి. ఆఖరున మా మామగారికి. ఆయన చెవులు పనిచేయడం మానేసి నాలుగేళ్లయింది, నోటితో చెప్పి లాభం లేదు. బండిని ఆయన కూర్చునే వరండా దాకా తోసుకెళ్లి, స్టార్టు చేసి, ఆయన చెయ్యి తీసి ట్యాంకు మీద పెట్టాలి. ఆయనకి తెలిసిపోతుంది. పెట్టాల్సింది మా అమ్మాయే. నా చేతులు జేబులో ఉంటాయి.