మనిషి లేని సముద్రం

గోదావరిఖనిలో ఒక కంపెనీ క్వార్టరు. ముందుగదిలో తల్లి యమున, కూతురు సంతోషి. గోడకు కొత్త ఫ్రేము.

“తుడిస్తె పోతలేదమ్మా. కుంకుమ అద్దం సందులకు పోయింది. ఎవలు పెట్టుమన్నరు నిన్ను?”

“ఫ్రేము గట్టిచ్చినంక బొట్టు పెట్టరా? మొండిగ ఉంచుతరా?”

“అది దేవునిది గాదు, సచ్చిపోయినోళ్లది గాదు. సముద్రం!”

“గంగమ్మ గాదా మరి? అయినా నాకేం తెలుసు. నిన్న పక్కింటి సారవ్వ జూసి, ఓపెన్‌కాస్టు గని ఫొటో ఇంట్ల ఎందుకు పెట్టుకున్నరక్కా అన్నది. గట్లనే ఉన్నది నల్లగ.”

“నలుపు తెలుపుల తీసిన గద!”

“రంగులుండంగ నలుపెందుకే? ఈడ బొగ్గు తక్కువైందా?”

“నీకు చెప్పుడు నాదే తప్పు.”

“అగో, మీ బాపు వచ్చిండు డ్యూటీ దిగి. ఆయనకు చెప్పు.”

“ఏంది లొల్లి? గేటు దాంక ఇనవడుతుంది.”

“ఏం లేదు బాపు.”

“ఏం లేదా? నీ బిడ్డ ఫొటోకు బొట్టు పెట్టిన్నట. తప్పట.”

“మంచిగనే పెట్టినవ్ యమునా. దాన్ని దించి, నా ఫొటో పెట్టి దానికి సుత పెట్టు.”

“బాపు, గట్ల మాట్లాడకు.”

“ఎట్ల మాట్లాడాలె? సోమారం నాకు మెడికల్ బోర్డు. అన్‌ఫిట్ అన్నరంటే నా నౌకరి నీకొస్తది. మంది పిల్లలు గా నౌకరి కోసం ఇండ్లల్ల కొట్లాడుతున్నరు. నువ్వేమో చీరాల పోత, సముద్రం ఫొటోలు తీస్త అంటున్నవ్.”

“ఆడ ఫొటోలు తీసే భావ్య మేడమ్ దగ్గర పనికి పోత. జీతం ఇస్తది, నేర్పిస్తది.”

“ఏం నేర్పిస్తది? మొన్న ముగ్గురం సూర్యలంక పోయినం. మీ అమ్మ కొత్త చీర కట్టుకొని అలల కాడ నిలవడ్డది. ఒక్క ఫొటో తీసినవా? జరుగమ్మా, జరుగమ్మా అని నూకినవ్.”

“నూకలే.”

“నూకినవే. చీరంత తడిసింది. నేను అనలే గని.”

“ఇగో, మీ అమ్మ సుత అంటున్నది. గంత సముద్రంల ఒక్క మనిషి లేడు. పడవ లేదు. పిట్ట లేదు. గిదేం ఫొటో?”

“కావాల్నని తీసిన.”

“మేం అడ్డం వచ్చినమా?”

“అవును, వచ్చిండ్రు.”

“ఇన్నవా యమునా? ఇన్నవా?”

“మాట మొత్తం ఇను బాపు. చిన్నప్పటి సంది గీ గడపల కూసొని నీ కోసం జూసిన. షిఫ్టు దిగి అందరి బాపులు వస్తరు, నువ్వు రావు. అమ్మ కూర వేడి చేస్తది, దించుతది, మళ్ల వేడి చేస్తది. నోరు తెరిచి ఎవ్వలం ఏం అనం. ఆ ఒడ్డున గట్ల గాదు. నీళ్లు పోతయి, వస్తయి. ఎవ్వల కోసం జూసే పని లేదు. గదే తీసిన. నోటితోని చెప్పరాక తీసిన.”

“అంటే నా డ్యూటీ నీకు గోస అయింది.”

“నేనట్ల అనలే.”

“గదే అన్నవ్. గా డ్యూటీ చేస్తెనే నీకు కెమెరా వచ్చింది.”

“గందుకని నేను సుత పోవాల్నా? నా కోసం అమ్మ మళ్ల గడపల కూసోవాల్నా?”

“నిన్ను బొగ్గుబాయిలకు ఎవడు దింపుతడే? పైన ఏదో పని ఇస్తరు.”

“పైన్నో కిందనో, నా జిందగీ మొత్తం గీడనే. నేను చెయ్య.”

“చెయ్యకుంటె నా ఇంట్ల ఉండకు. గా ఫ్రేము సుత పట్టుకొని పో.”

“పోత.”

“పో! ఊపిరాడక, దగ్గి దగ్గి ఇంత దూరం తెచ్చిన నౌకరి. మురిగిపోనీ.”

“మురగది.”

“నువ్వు నడుమ రాకు యమునా.”

“వస్తలేను. మురగది అన్న, గంతే. పొద్దుగాల ఆఫీసుకు పోయి వచ్చిన.”

“ఏ ఆఫీసు? ఎవలతోని?”

“యూనియన్ వీరేందర్ అన్నతోని. మొగని నౌకరి పెండ్లాం సుత చెయ్యొచ్చట. నా వయసు ఇంక దాటలేదట.”

“అమ్మా...”

“నువ్వు ఆగు. ఏమే యమునా, నీకేం వస్తది? బ్యాంకుకు సుత ఒక్కదానివి పోవు.”

“పెండ్లికి ముందు పది పాసైన. నువ్వు మర్చిపోయినవ్. రాకుంటె నేర్పిస్తరు. దీనికి చీరాలల నేర్పిస్తరు, నాకు గీడ నేర్పిస్తరు.”

“నన్ను ఒక్క మాట అడిగినవా?”

“నన్నెవ్వలు అడిగిండ్రు ఇన్నేండ్ల సంది? సోమారం బోర్డు కాంగనే నౌకరికి నా పేరే చెప్పాలె నువ్వు. ఇగ లేవుండ్రి ఇద్దరు, అన్నం పెడుతున్న.”