కింద

పట్టపగలు పన్నెండు గంటలు, గండికోట దారిలో ఒక చీనీ (బత్తాయి) తోట. పాదులకు నీళ్లు కట్టబోయి పాము కాటు తిన్న ఓబుళేశును అతని పెళ్లాం నాగజ్యోతి ఎలాగో ఈడ్చుకొచ్చి కారు వెనక సీట్లో పండబెట్టింది. కారు మాత్రం మొండికేసింది. ఫోన్ స్పీకర్లో ముద్దనూరు మెకానిక్ ఏసేపు.

“మళ్లా తిప్పినా ఏసేపూ. గర్రు గర్రు అంటాది, అందుకోదు.”

“పెట్రోలు ఉండాదా అక్కా?”

“ముల్లు సగం కాడ ఉండాది.”

“హారన్ కొట్టు.”

“కొట్టినా గదప్పా, బాగానే మోగుతాది. ఆలస్యం చేయాకు, బిన్నా చెప్పు.”

“ఊరికే తిప్పొద్దు, బ్యాటరీ దిగిపోతాది. తాళం సగమే తిప్పి చెవి పెట్టు. వెనక సీటు కింద నుంచి పెట్రోలు పంపు జుయ్ మని సద్దొస్తాదా?”

“ఏ సద్దూ ల్యా.”

“ల్యా?”

“ల్యా అంటాండా గదా.”

“ఊఁ… ఇంతకూ యాడికి పోవాలక్కా?”

“జమ్మలమడుగుకు.”

“జమ్మలమడుగుకా.”

“ఆ. ఏం, అట్లంటావు?”

“మీ అమ్మోళ్ల ఊరు గదా అది.”

“ఊరి సంగతి ఇప్పుడెందుకప్పా? కారు కదిలే దారి చెప్పు.”

“అన్న యాడుండాడు? అన్నకు ఫోనియ్యి.”

“వెనక పండుకోనుండాడు. నాకు చెప్పు నువ్వు.”

“అన్నకే ఇయ్యక్కా, ఒక్క నిమిషం.”

“కింద…”

“ఇదో, ఈడనే ఉండా. ఏం కావాల, నీళ్లా?”

“కింద… కింద…”

“ఏమంటాండాడు అన్న?”

“ఏం ల్యా. ఏసేపూ, నీకు దండం పెడతా. బానెట్ లేపి చూడమంటావా? ఏ వైరు పీకమన్నా పీకుతా.”

“బానెట్లో ఏమీ ఉండదు.”

“చూడకుండానే ఎట్ల చెప్తావు?”

“అదీ… అక్కా, ఇంట్లో మాటా మాటా వస్తాంటాయి. సాయంత్రం దాకా ఓర్చుకో. కోపంలో బండి నడపడం మంచిది గాదు.”

“ఎవరికి కోపం? ఆయప్పకు పురుగు ముట్టిండాది ఏసేపూ.”

“పురుగా? పామా?”

“పేరెత్తొద్దు. ఎడమ కాలు, మడమ కాడ. పడగ చూసినా నేను. అర్ధగంటయింది. రెప్పలు వాలిపోతాండాయి, నాలుక తిరగడం ల్యా. అంబులెన్సు వచ్చేకి ముప్పావుగంటంట. చుట్టుపక్కల మనిషి ల్యాడు.”

“అయ్యో ప్రభువా. ముందే చెప్పాల గదక్కా.”

“నోటితో అంటే నిజమైపోతాదని భయమప్పా.”

“జ్యోతీ… కింద…”

“వెయ్యను. నేను నిన్ను కింద వెయ్యను. ఆ మాట అనాకు.”

“కింద వేసేదేంది అక్కా?”

“నేల మీద పండబెట్టమంటాండాడు. మా మామ కూడా ఇట్లే అడిగినాడు. మంచం మీద పానం పోగూడదని కిందేసినారు, గడియ గూడా ల్యా, పోయినాడు. ఈయప్పకు తెలిసిపోయింది ఏసేపూ. తెలిసే అడుగుతాండాడు.”

“నేల గాదక్కా.”

“ఏంది?”

“అన్న అంటాండేది నేల గాదు. నీ సీటు కింద. చెయ్యి పెట్టు.”

“సీటు కిందా?”

“ఎడమ పక్క, పట్టా లేపు. చిన్న స్విచ్చి తగుల్తాది, పంపుకు కరెంటు ఆపేది అదే.”

“యాడ? ఈడ ఏమీ… తగిలింది.”

“ముందుకు నూకు. ఇప్పుడు తిప్పు తాళం.”

“అందుకునింది. ఏసేపూ, అందుకునింది.”

“పోనీ. కాలు కదిలించొద్దని చెప్పు అన్నకు. మాట్లాడిస్తానే ఉండు, నిద్ర పోనీయాకు. నేను ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆడికే బండేసుకోని వచ్చేస్తాండా.”

“ఉండు. ఈ స్విచ్చి ఎప్పుడు పెట్టినావు?”

“దారి చూడక్కా.”

“చూస్తానే ఉండా. ఎప్పుడు?”

“ఉగాదైన రెండో వారం. నీకు చెప్పనని నా బిడ్డ మీద ఒట్టేయించుకునింటే…”

“ఉగాదికే గదా నేను కొట్లాడి, ఈ కారేసుకోని మా అమ్మకాడికి పోయింది.”

“దొంగల కోసమని పెట్టిచ్చినాడక్కా.”

“ఏ దొంగకు?”

“అన్నను మాట్లాడించక్కా.”

“చెప్పప్పా, ఏ దొంగకు?”

“గుంతలుంటాయి, నిదానంగా పోనీ అక్కా.”

“కింద… జ్యోతీ…”

“తెలిసిందిలే. కండ్లు మూయాకు, నా పక్క చూడు. నిన్ను కింద వేసేది ల్యా. నువ్వు బతకాల. బతికి, నా ఇంట్లో నేను దొంగనెప్పుడయినానో నాకు చెప్పాల.”