అమ్మగారి స్టోరులో అనకూడని మాట

"అంతా ఒక్క కోటు గుండీతో మొదలైందమ్మా. రాసుకో. గుండీ అంటే గుండీయే, పెద్ద గొప్పేం కాదు. అయినా నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

టీ కొట్టు బల్ల మీద కూర్చున్న వాళ్ళందరికీ ఒకేసారి దగ్గొచ్చింది.

ఆయన్ని అందరూ కోతల మాస్టారంటారు. బట్ట కోయడం వృత్తి, రెండో కోత సరదా. రెండేళ్ళ కిందట కూతురింటికి వచ్చి ఈ వీధిలో స్థిరపడ్డాడు. ఎదురుగా ఉన్న అయిదంతస్తుల అమ్మగారి స్టోరులో ముప్పై ఎనిమిదేళ్ళు కటింగ్ మాస్టరుగా చేశానని, తను వచ్చాకే దానికి స్టోరు కళ వచ్చిందని, అప్పటినుంచీ రోజూ చెప్తున్నాడు. ఎవరూ అడ్డుచెప్పలేదు. ఇవాళ వినడానికి సాక్షాత్తూ అమ్మగారి మనవరాలే నోటుబుక్కు పట్టుకుని వచ్చి కూర్చుంది. స్టోరు పెట్టి డెబ్బై అయిదేళ్ళవుతోందట. పాలరాతి మెట్ల దగ్గర, అమ్మగారి ఫోటో పక్కన, పాత పనివాళ్ళలో ఒకరి ఫోటో పెడతారట. ఆ ఒక్కరూ తనే కావాలని మాస్టారు మూడు రోజులుగా మీసానికి నూనె రాస్తున్నాడు.

"అసలు ఆ స్టోరు ఎలా పుట్టిందో తెలుసా? ఇప్పుడు గిర్రున తిరిగే అద్దాల తలుపుందే, సరిగ్గా అక్కడ ఒక తోపుడు బండి ఉండేది. అమ్మగారు, ఆవిడ తమ్ముళ్ళిద్దరు. గుండీలు, దారం, సూదులు. ఒకరోజు ఒకావిడ ఎర్ర దారం అడిగింది. చిన్న తమ్ముడు దారం వంక చూడను కూడా చూడకుండా ఆ మాట అనేశాడు. ఆవిడ మారు మాట్లాడకుండా అవతలి కొట్టుకి వెళ్ళిపోయింది. ఆ రోజే అమ్మగారు ఒట్టు పెట్టుకున్నారు, మా బండి దగ్గర ఆ రెండక్షరాల మాట ఇంక వినపడకూడదని. ఏది అడిగినా 'తెప్పిస్తాం' అనాలి. అంతే. ఆ ఒక్క ముక్క మీద అయిదంతస్తులు లేచాయి. నిజమా కాదా అమ్మాయీ?"

"నిజమేనండీ. ఆ మాట అనకూడదని రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది" అంది మనవరాలు.

"ఏ రెండక్షరాలు మాస్టారూ?" అన్నాడు పక్కనే సెలూన్ నడిపే ఆయన. మాస్టారి కోతలన్నీ ముందు వినేది, ముందు నవ్వేది ఆయనే.

"నా నోట అనిపిద్దామనే? నీ పప్పులు ఉడకవు తమ్ముడూ. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. ఇంట్లో కూడా అనను. మా ఆవిడ బియ్యం ఉన్నాయా అంటే తెప్పిస్తాను అనేవాణ్ణి. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడిందా, ఈ మీసం నీ కుర్చీలో కూర్చుని నేనే తీయించుకుంటా!"

"మరి 'రాలేదు', 'పోలేదు' అంటుంటారుగా?"

"అవి వేరే మాటకి అతుక్కున్నవి. వాటికి పర్వాలేదు."

"పర్వాలేదన్నారు!" అని సెలూనాయన ఎగిరి లేచాడు.

"అదీ అతుక్కున్నదే, కూర్చో. విడిగా నిలబడితేనే తప్పు. ఎక్కడున్నాం? ఆఁ, గుండీ. ఒకాయన వచ్చాడు, పాత కోటుకి గుండీ ఊడిపోయింది, అచ్చం అలాంటిదే కావాలన్నాడు. స్టోరంతా గాలించాం, దొరకలేదు. నేనేం చేశాను? నా కోటుకి అదే గుండీ ఉంది. పుటుక్కున తెంపి కుట్టిచ్చాను. ఆయన కళ్ళంట నీళ్ళు. అంతే, పెద్ద విశేషమేం కాదు."

"బాగానే ఉంది బాబాయ్, నమ్మేలాగే ఉంది" అంది టీ అక్క గ్లాసులు కడుగుతూ. ఆవిడ అందరికీ అక్కే, డెబ్బై దగ్గరపడ్డ మాస్టారికి కూడా.

ఆ 'నమ్మేలాగే' అన్న మాట మాస్టారికి గుచ్చుకుంది. మనవరాలి వంక చూశాడు. ఆ పిల్ల రెండు ముక్కలు రాసి కలం ఆపేసింది. గుండీతో ఫోటో గోడెక్కదని ఆయనకి అర్థమైపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుండీ పెద్దమనిషే తన బావమరిదిని పంపించాడు. బావమరిదంటే మామూలు మనిషి కాదు తల్లీ, తిరిగే తలుపులో పడితే తలుపు ఆగిపోయింది. నలుగురం లోపల్నించి లాగాం, నలుగురు బయట్నించి తోశారు. అయిదో అంతస్తులో ఏదో విందట, పైకెళ్ళేసరికి ఒంటిమీద కొత్త కోటు ఉండాలన్నాడు. ఆ కొలతకి రెడీమేడ్ ఎక్కడ దొరుకుతుంది? నేను తెప్పిస్తాను అన్నాను. అనేశాక గుటకలు మింగాను. మరి అనకేం చేయను? లిఫ్టు ఎక్కించాను. కింద తలుపు మూసేలోగా కొలతలు. మొదటి అంతస్తు దాటేలోగా కోత. రెండో అంతస్తులో వీపు, మూడో అంతస్తులో చేతులు, నాలుగో అంతస్తులో గుండీలు. అయిదో అంతస్తులో తలుపు తీశారు, దొర కోటేసుకుని దిగాడు!"

"ఇస్త్రీయో?" అన్నాడు సెలూనాయన.

"లిఫ్టు మోటారు వేడికి అదే అయిపోయింది."

"మిషను ఎక్కడ పెట్టారు బాబాయ్, లిఫ్టులో?"

"ఆయన బొజ్జ మీద. బల్లలాగా ఉంటే ఇంకా వేరే బల్ల ఎందుకు?"

టీ తాగుతున్నవాడొకడికి పొలమారింది. మనవరాలు నవ్వు ఆపుకుంటూ గబగబా రాసుకుంది. అది చూసి మాస్టారికి ఊపొచ్చింది. బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇది కూడా మామూలే! అసలు సంగతి వినండి. ఆ కోటు సంగతి ఊరంతా పాకిపోయింది. ఒక ముసలావిడ వచ్చింది, బంగారు కళ్ళజోడు, చేతిలో చిన్న కుక్క. 'నాకు తెర కావాలి' అంది. కిటికీ కొలత తెచ్చారా అమ్మా అన్నాను. 'కిటికీకి కాదయ్యా, పొద్దున్నే కళ్ళలో కొడుతున్నాడు, సూర్యుడికి కావాలి' అంది."

"ఓరి నాయనో" అంది టీ అక్క.

"నేనూ అదే అనుకున్నా. పైకి మాత్రం, 'రంగేమిటమ్మా?' అన్నాను. ఇరవై రోజులు కుట్టాం. ఊళ్ళో దారమంతా అయిపోతే పక్క ఊళ్ళ మీద పడ్డాం. జనం దుప్పట్ల అంచులు విప్పి దారం పంపించారంటే చూసుకో! మేడ మీదనుంచి అటు గంట స్తంభం దాకా కమ్మీ కట్టి, ఇత్తడి రింగులు తొడిగి, సర్రున లాగాను. పగలు పదకొండింటికి ఊరు ఊరంతా చీకటి! పావురాలు చూరుల్లో దూరాయి. ఆఫీసులవాళ్ళు ఫైళ్ళు మూసి ఇళ్ళకెళ్ళి, భోంచేసి, పడుకున్నారు కూడా. మా ఎదురింటి ఆయన మర్నాడనుకుని రెండోసారి గడ్డం గీయించుకున్నాడు."

"నా దగ్గరేనా?" అన్నాడు సెలూనాయన.

"మీ నాన్న దగ్గర. ఇంతలో చిక్కొచ్చింది. తెర కొలత ఒక బెత్తెడు తగ్గింది. ఆ సందులోంచి ఎండ కారుతోంది. ముసలావిడ ముఖం చిట్లించింది. కొనేవాళ్ళ ముఖం చిట్లితే అమ్మగారికి ప్రాణం పోయినట్టే. నేనేం చేశానో తెలుసా? కత్తెర తీశాను. ఆ కారే ఎండని కరకరా కత్తిరించేశాను!"

టీ అక్క గ్లాసు కడగడం ఆపేసింది.

"ఎండనా?"

"ఎండనే. పీచులు లేవకుండా అంచు మడిచి కుట్టాను కూడా. మిగిలిన ముక్కలు కింది అంతస్తులో ముక్కల కౌంటర్లో పెడితే, జనం ఎగబడి కొనుక్కుని చలికోట్లకి లోపలి అస్తరు వేయించుకున్నారు. అంతెందుకు, మూరెడు ముక్క నేనూ దాచుకున్నాను."

"చూపించండి మరి! ఉందా?" సెలూనాయన మీదకి వంగి అడిగాడు. బల్ల మీదివాళ్ళంతా మాస్టారి నోటివంక చూస్తున్నారు.

మాస్టారు తాపీగా మీసం దువ్వుకున్నాడు. "ఉతకడానికి ఇచ్చాను. తెప్పిస్తాను."

చప్పట్లు మోగాయి. టీ అక్క కూడా చేతులు తుడుచుకుని కొట్టింది. మాస్టారు కూర్చుని, "అదమ్మా సంగతి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇవి మచ్చుకి మాత్రమే. ఫోటో ఎప్పుడు తీయించమంటావ్? ఎడమవైపు నుంచి తీస్తే మీసం నిండుగా పడుతుంది" అన్నాడు.

మనవరాలు నోటుబుక్కు మూసి, సంచిలోంచి అట్ట ఊడిన పాత రిజిస్టరు తీసింది. "పొద్దున మీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పారు కదండీ. కుట్టుపని విభాగంలో ఆ పేరు ఒక్కటే ఉంది."

"ఒక్కటే ఉంటుంది. ఇంకోడెక్కడ పుడతాడు?"

"చేరింది ఒక సోమవారం. మానేసింది ఆ పై వారం గురువారం." ఆ పిల్ల ఇబ్బందిగా తలెత్తింది. "పదకొండు రోజులండీ."

ముందు టీ అక్క నవ్వింది, తర్వాత బల్లంతా నవ్వింది. సెలూనాయన తొడ చరుచుకుని, "ముప్పై ఎనిమిదేళ్ళు కూడా లిఫ్టులోనే కుట్టేశారా మాస్టారూ!" అన్నాడు.

మాస్టారు మాత్రం ఆ రిజిస్టరునే చూస్తున్నాడు. నూనె రాసిన మీసం మీంచి చెయ్యి కిందికి దించాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మానేయడం కాదు తల్లీ, తీసేశారు" అన్నాడు. గొంతు మామూలుకొచ్చేసింది. "పద్దెనిమిదేళ్ళు నాకు. పొద్దుట్నుంచి నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయాయి. సూది దిగి వేలు నెత్తురు కారుతుంటే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆ రోజు అమ్మగారు మా విభాగానికి వచ్చారు. చుట్టూ కొనేవాళ్ళు. నా ముందు ఆగి, 'ఏం బాబూ, కొత్తగా చేరావు, ఇబ్బందేమైనా ఉందా?' అన్నారు. అంత పెద్దావిడ నన్ను పలకరించారు! మర్యాదగా జవాబు చెప్పాలా వద్దా? ఎవరైనా ఏమంటారు? ఇబ్బందేం... అన్నాను. దాని వెనకాల ఆ రెండక్షరాలూ వచ్చేశాయి."

"అయ్యో" అంది టీ అక్క.

"విడిగా, స్పష్టంగా, అందరూ వినేలా. ఆవిడ నవ్వి ముందుకెళ్ళిపోయారు. మా సూపర్‌వైజరు మాత్రం సాయంత్రం నా కత్తెర లాక్కున్నాడు. సిగ్గేసిందమ్మా. చాలా సిగ్గేసింది. ఇంట్లో ఏమని చెప్పను? ఊరు మారి స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ బతికాను. ఎవరడిగినా మాత్రం అమ్మగారి స్టోరులో చేశానని చెప్పుకునేవాణ్ణి. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. ఆ మాట మళ్ళీ అనకపోవడం మాత్రం నిజం. అదంటే ఇప్పటికీ భయం నాకు."

మనవరాలు రిజిస్టరుని ఆయన వైపు తిప్పింది. పేరు పక్కన 'లేదు అన్నాడు' అని ఒక రాత ఉంది. దాని కింద, వేరే సిరాతో, పెద్ద పెద్ద అక్షరాలు.

"ఇది నాయనమ్మ రాసింది. చదవనా? 'తప్పు మనదే. వెంటనే కబురు పెట్టండి.' మర్నాడే మనిషిని పంపారట. అప్పటికే మీరు గది ఖాళీ చేసేశారు. నాయనమ్మ సూపర్‌వైజరుకి చీవాట్లు పెట్టి, బోర్డు మీద ఇంకో వరస రాయించింది. లోపలికొచ్చినప్పుడల్లా చూస్తాం. 'ఇబ్బంది లేదు అనవచ్చు.' ఆ కుర్రాడు ఏమయ్యాడో అని చివరిదాకా అంటూనే ఉండేది. మేం వెతుకుతున్నది ఆయన్నేనండీ. ఎండ కత్తిరించినాయన ఫోటో కాదు, ఆ వరసకి కారణమైనాయన ఫోటో పెట్టాలని. పొద్దున మీరు పేరు చెప్పగానే పరుగున వెళ్ళి ఈ రిజిస్టరు వెతికి తీశాను."

మాస్టారు ఆ పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. టీ అక్క అడక్కుండానే ఇంకో టీ తెచ్చి ముందు పెట్టింది.

"రేపు పొద్దున ఫోటో తీస్తారు. మెట్ల దగ్గర, ఆ బోర్డు పక్కనే పెడతాం" అంది మనవరాలు. "మీకు అభ్యంతరమేమైనా ఉందాండీ?"

"అభ్యంతరమా? నాకా?" మాస్టారు సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాడు. "భలేదానివే! నాకేం అభ్యంతరం లేదు తల్లీ!"

బల్లంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగింది. తను అన్నదేమిటో మాస్టారి చెవికి అప్పుడు తగిలింది. చెయ్యి దానంతటదే మీసం మీదకి పోయింది.

సెలూనాయన నింపాదిగా లేచి భుజం మీది తెల్ల గుడ్డ దులిపాడు. "విడిగా నిలబడింది మాస్టారూ. మనమంతా విన్నాం."

"అదేమిటి? బోర్డు మీద అనొచ్చని రాశారుగా!"

"అది ఇబ్బందికి. అభ్యంతరానికి రాయలేదుగా? ఏమ్మా, రాశారా?"

మనవరాలు నోరు తెరిచి, స్టోరు గుర్తొచ్చి, గభాల్న రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తల మాత్రం అడ్డంగా ఊపింది.

మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టారు. టీ గ్లాసులు పట్టుకుని బల్లంతా గుమ్మం దగ్గరికి వచ్చేసింది. ఆయన అద్దంలో మీసాన్ని చివరిసారి రెండువైపులా చూసుకుని, ఆఖరి ఆశగా అడిగాడు.

"తమ్ముడూ, అర్జెంటేం కాదు. అసలు నీ దగ్గర కొత్త బ్లేడు ఉందా?"

సెలూనాయన సొరుగు లాగి చూశాడు. ఖాళీ. మాస్టారి ముఖం వెలిగింది.

"తెప్పిస్తాం మాస్టారూ" అన్నాడు సెలూనాయన.