బోర్డు నేనే దించాను

నా పేరు ఓబన్న. మా నాయన పేరు నల్లప్ప. వయసు యాభై ఏడు. సొంతూరు రొద్దం, కాపురం పెనుకొండలో. హిందూపురం రోడ్డులో విమానాలు మరమ్మతు చేసే కంపెనీలో రేకు పని మెకానిక్‌ని. విమానం ఒంటి మీద చెడిన రేకు కోసి, కొత్తది వేసి, దాన్ని బిగించే రివెట్లు కొట్టడం నా పని. మొన్న శుక్రవారం వరకు అక్కడి పాత కార్మిక సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా. దెబ్బ తగిలి ధర్మవరం ఆసుపత్రిలో ఉన్న నన్ను ఈ మంగళవారం ఉదయం పెనుకొండ ఎస్సైగారు వచ్చి అడగ్గా జరిగింది చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. అఫ్రీన్ నన్ను తోయలేదు. నితిన్ నన్ను తోయలేదు.

ఇద్దరూ మా షెడ్డులో టెక్నీషియన్లు. అఫ్రీన్‌ది హిందూపురం. ఆమె ట్రైనీగా చేరినప్పుడు రివెట్ గన్ పట్టడం నేర్పింది నేనే. మొదటిరోజు గన్ అదురుకు చేతులు వాచినా ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం టిఫిన్ బాక్సు మూత తీయలేక నా ముందు పెట్టినప్పుడు తెలిసింది. అప్పటి నుంచి నన్ను మామా అంటుంది.

మాకు తేడా వచ్చింది ఇంధనం ట్యాంకు పని దగ్గర. విమానం రెక్క లోపలే ట్యాంకు ఉంటుంది. మనిషి పడుకుని అందులోకి దూరాలి. పోయిన వేసవిలో నితిన్ లోపల ఇంధనం ఆవిరికి స్పృహ తప్పితే అఫ్రీన్ కాళ్లు పట్టి బయటికి లాగింది. లోపలి గాలి కొలిచే మీటరు, బయట కాపలాకు ఒక మనిషి ఉంటే తప్ప ఎవరూ ట్యాంకులోకి దూరకూడదని, అందుకు సంఘం పట్టుబట్టాలని అడిగింది. మా సంఘం హిందూపురంలోని పెద్ద సంఘం కింద ఉంది. దాని కార్యదర్శి పెద్దప్ప నాకు పాత స్నేహితుడు. మేనేజ్‌మెంటుతో మాట్లాడేది ఆయనే. మిల్లులు, గార్మెంటు ఫ్యాక్టరీలు కూడా ఆయనే చూసుకోవాలి. మా విషయం వంతు వచ్చేసరికి చర్చలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. దాంతో పిల్లలు విమాన టెక్నీషియన్లకే వేరుగా సంఘం పెట్టుకున్నారు.

ఆ సంగతి నాకు మొదట చెప్పింది అఫ్రీనే. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుంది.

“మామా, నీ మీద కోపంతో కాదు. ఇంకొకరి నోట నువ్వు ఇనకూడదని నేనే చెప్తాండా” అంది.

ప్లేటు పక్కకు జరిపాను. అయినా పోటీ చెయ్యమనే చెప్పాను.

కంపెనీ ఏ సంఘాన్ని గుర్తించాలో తేల్చడానికి శుక్రవారం కార్మిక శాఖ వాళ్ల ఎదుట రహస్య ఓటింగ్ జరిగింది. నేను నా సంఘానికే వేశాను. ఓడిపోయాం. గెలిచినవాళ్లు టపాకాయలు తెచ్చుకున్నారు. నేను బస్సెక్కేదాకా కాల్చొద్దని అఫ్రీన్ చెప్పిందట. ఆరోజు బస్సు ఎంతకీ రాలేదు. వాళ్లు టపాకాయలు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నారు. చివరికి నేనే వెనక్కి వెళ్లి, ఇక బస్సు వచ్చేటట్టు లేదు, కాల్చుకోండప్పా అన్నాను.

గెలిచిన సంఘానికి కంపెనీ ఇచ్చే గది గేటు పక్కనే ఉంది. తాళం ఇవ్వొద్దు, కోర్టుకు పోదామని పెద్దప్ప ఫోన్ చేశాడు. ఓట్లు వేసింది మనవాళ్లే కదా అన్నాను. శనివారం ఉదయం పది గంటలప్పుడు నేనే నిచ్చెన వేసుకుని మా సంఘం బోర్డు దించడానికి ఎక్కాను. దాని మీద అక్షరాలు నేను దగ్గరుండి రాయించినవి. ఇంకొకరు దించుతుంటే చూడలేననిపించింది. రెండో మేకు పీకుతున్నప్పుడు నిచ్చెన కాలు జారింది. ఉండు మామా, ఉండు మామా అంటూ అఫ్రీన్, నితిన్ అప్పటికే పరుగెత్తుకొస్తున్నారు. దూరం నుంచి చూసినవాళ్లకు నిచ్చెన లాగినట్టు కనిపించిందేమో. లాగలేదు. తోయలేదు. బోర్డు అంచు తగిలి నా కనుబొమ తెగింది. తల సిమెంటు గట్టుకు కొట్టుకోకుండా నితిన్ చేతులు అడ్డం పెట్టాడు. వాడి మోచేతుల మీద తోలు లేచిపోయింది. కావాలంటే చూడండి.

పెనుకొండలో కట్టు కట్టి, స్కానింగ్‌కు ధర్మవరం పంపారు. నితిన్ కారు నడిపాడు. అఫ్రీన్ నా కళ్లజోడు దుపట్టా కొసన మూట కట్టుకుని, వెనక సీట్లో నా తల కదలకుండా పట్టుకుంది. నేను కళ్లు మూయకుండా, ఏ రివెట్‌కు ఏ డ్రిల్లని దారి పొడుగునా అడుగుతూ వచ్చింది. ఒకటి తప్పు చెప్పాను. తప్పు మామా అని ఏడ్చింది.

నా భార్య యల్లక్క అప్పుడు ధర్మవరంలోనే చెల్లెలింట్లో ఉంది. ఆసుపత్రికి వచ్చి, ఈ వయసులో నిచ్చెన ఎందుకెక్కావని నన్ను తిట్టి, వాళ్లిద్దరికీ ఇడ్లీ తెప్పించింది.

ఆదివారం పెద్దప్ప వచ్చాడు. అఫ్రీన్, నితిన్ నన్ను తోశారని పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చానన్నాడు.

“నువ్వేమీ చెప్పొద్దబ్బా. ఊరికే ఉండు, సాలు” అన్నాడు.

కేసు అయితే వాళ్ల గేటు పాసులు ఆగిపోతాయి. పాసు లేనివాళ్లను షెడ్డులోకి రానివ్వరు. అది ఆయనకూ తెలుసు.

“పెద్దప్పా, ఆ పిల్లల కూడు తీసి నిలబెట్టే బోర్డు నాకొద్దు” అన్నాను.

ఆయన తెచ్చిన బత్తాయి ఒలిచి, గింజలు తీసి, తొనలు నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా మొదటి సమ్మెలో గేటు ముందు వానలో నా పక్కనే పడుకున్న మనిషి. బోర్డు పోవడం తట్టుకోలేకపోయాడు. ఆయన మీద కూడా చర్యలు వద్దని కోరుతున్నాను.

నిన్న కొత్త సంఘం మేనేజ్‌మెంటుతో కూర్చుంది. మీటర్లు వచ్చేదాకా ట్యాంకు పని ఆపడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆ మాట చెప్పడానికి అఫ్రీన్ యూనిఫారంతోనే ఇక్కడికి వచ్చింది. నాకు సంతోషమైంది. కొంచెం అసూయ కూడా అయింది.

ఆ సంఘంలో మీరు చేరారా అని ఎస్సైగారు అడిగారు. చేరలేదు. వాళ్లు రోజూ వస్తారు, తలగడ సర్దుతారు, షెడ్డు కబుర్లు చెబుతారు, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తరు. నేను నొచ్చుకుంటానని వాళ్ల భయం. అడిగితే చేరతాను.

తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇది చెప్పాను. రాసినదంతా ఎస్సైగారు యల్లక్క ఎదుట నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం) ఓబన్న