ముద్ర పడేముందు ఒక మాట

2001 ఆగస్టు 6వ తేదీన, సిద్దిపేట కోర్టు ఎదుటి చిన్న గదిలో, న్యాయవాది శ్రీమతి ప్రమీలాదేవి గారు నోటరీగా తొలిసారి ముద్ర చేతబట్టారు. ఆ ముద్రకు నేటితో విశ్రాంతి అంటే, అబ్బ, మన న్యాయవాద మిత్రులందరికీ సంబరమూ దిగులూ ఒక్కసారే ముంచుకొస్తున్నవి!

తొలినాళ్లలోనే, మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండికి ప్రయాణమైన నేత కార్మికులు ఉప్పలయ్య గారు, ఇంటి కిరాయిల బాధ్యతను బావమరిదికి అప్పగిస్తూ టైపు చేయించిన అధికారపత్రం తెచ్చారు. బస్సు వేళయిందని ఒకటే తొందర. ప్రమీలాదేవి గారు కాగితం చదివి బోర్లించారు.

"ఏం రాయించుకున్నవో నీ నోటితోటి చెప్పు ఉప్పలయ్యా."

"ఏమున్నది మేడం, కిరాయిలు మా బామ్మర్ది వసూలు చేస్తడు, గంతే."

"మరి ఇల్లు అమ్మే హక్కు గూడ ఇచ్చినట్టుందేంది?"

"అమ్ముడా? గదెక్కడి ముచ్చట!"

టైపిస్టు ఏదో పాత నమూనాలోనే పేర్లు మార్చి, ఆ వాక్యం తీసివేయడం మరిచారట. ఉప్పలయ్య గారికి బస్సు తప్పింది గానీ ఇల్లు దక్కింది.

నాటినుండి ఎంతటివారైనా సరే, కాగితంలోని సంగతి సొంత మాటల్లో చెప్పనిదే ఆమె ముద్ర వేయలేదు. జిల్లా ఏర్పడి రద్దీ పెరిగినా, వాకిట్లో జనం విసుక్కున్నా, ఆ నియమం సడలలేదు. తన తరువాత ఈ ప్రశ్న అడిగేవారుంటారా అన్న బెంగ మాత్రం ఆమెను కొంతకాలంగా వదలలేదు. నిరుడు నోటరీగా నియమితులైన శిష్యులు వినయ్ గారు మహా మెతక, ఎవరైనా గద్దిస్తే కాదనలేరు మరి!

మొన్న సోమవారం, పాస్‌పోర్టు నిమిత్తం టైపు చేయించిన ప్రమాణపత్రంతో, భర్త దామోదర్ గారిని వెంటబెట్టుకొని, తన కాగితానికి తానే ముద్ర వేసుకోరాదు గనుక, ఆమే వినయ్ గారి ముందు కూర్చున్నారు.

"జల్ది ముద్ర కొట్టు వినయ్, హైదరాబాద్ బస్సుకు టైమైతుంది."

వినయ్ గారు కాగితం చదివి బోర్లించారు. "ఏం రాయించుకున్నరో మీ నోటితోటి చెప్పున్రి మేడం."

గదిలో అందరమూ గతుక్కుమన్నాం!

"నన్నే అడుగుతున్నవా?" అని ఆమె కళ్లెర్రజేసి, అంతలోనే తగ్గి, "నేను ప్రమీలాదేవిని, దామోదర్ భార్యను..." అన్నారు.

"ఈ కాగితంల భర్త పేరు మధుసూదన్ అని ఉన్నది మేడం."

మళ్లీ ఆ పాత నమూనా మహిమే! దామోదర్ గారు పకపకా నవ్వి, "ఇన్నేండ్లు సంసారం జేసి, ఒక్క ముద్రతోటి పరాయోన్ని అయ్యేటోన్ని గదా!" అన్నారు. ఈసారీ బస్సు తప్పింది గానీ భర్త దక్కారు. ప్రమీలాదేవి గారు మాత్రం నవ్వలేదు. కళ్లు తుడుచుకొని, "ఇగ నాకు రంది లేదు వినయ్" అన్నారు.

ఆ ధీమాతోనే సెలవు పుచ్చుకుంటున్న మన ప్రమీలాదేవి గారు, ఆ పాస్‌పోర్టుతో దేశాలు చుట్టి, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, అదీ శ్రీ దామోదర్ గారి సతీమణిగానే వర్ధిల్లాలని, మనసారా కోరుకుందాం!