రూటు వయసు

సర్వర్ గది, మధ్యాహ్నం రెండున్నర. ఆఫీసు కంప్యూటర్ లైన్లన్నిటినీ కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్ తెర ముందు కుర్చీలో వదిన, వెనక నిలబడి మరిది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే పని.

"...ఇంకోసారి వాయిదా అంటే మేనేజర్ ఊరుకోడు వదినా. ఇప్పటికే మూడుసార్లయింది. మూడింటికి రీస్టార్ట్ చేసెయ్యాలంతే."

"చేద్దాంలే, తొందరేంటి? పోర్టుల లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి, రూట్లన్నీ బాగున్నాయి. నడిచే ఎద్దునే పొడుస్తారట, అలా ఉంది మీ వరస."

"ఫ్యాను మూలుగుతోంది, సాఫ్ట్‌వేర్ పాతబడింది. ఆ రిపోర్టు రాసిచ్చింది నువ్వేగా?"

"రాశానులే. ఆ ఇరవయ్యో పోర్టు చూడు."

"చూశాను."

"చూడటం కాదు. పైకి చదువు."

"లైను నడుస్తోంది. అవతలి బిల్డింగుకి రూటు ఉంది. రూటు వయసు... నాలుగువందల పన్నెండు రోజుల మూడు గంటల యాభై నిమిషాలు."

"యాభై రెండు."

"వదినా..."

"మీ అన్నయ్య తన చేత్తో లేపిన లైను. ఆయన పోయాక ఒక్క సెకను ఆగలేదు. రీస్టార్ట్ చేస్తే ఆ లెక్క సున్నా అయిపోతుంది."

"అన్నయ్యే ఉంటే ఏమనేవాడు? 'లైను పనికా, పూజకా?' అని తిట్టేవాడు."

"తిట్టేవాడు. నిజమే... సరే, చేద్దాం. ముందు ఆ లాగ్ దాచుకోనీ."

"లాగ్ ఎందుకు?"

"ఎవరు ఎప్పుడు ఏం కొట్టారో ఉండేది అందులోనేగా. రీస్టార్ట్ చేస్తే తుడిచిపెట్టుకుపోతుంది."

"పోతే పోనీ. పాత చెత్త, ఎవరికి కావాలి?"

"నాకు కావాలి. నీకేంటి? తేలు కుట్టిన దొంగలా అలా నిలబడ్డావేం?"

"ఏం లేదు. టైమవుతోందని."

"నీకో మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యక్కూడా."

"ఇప్పుడొద్దు వదినా."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. ఆ రోజు లైను పడిపోయింది వైరు వదులై కాదు."

"రిజిస్టర్లో అన్నయ్యే రాశాడుగా, వైరు వదులైంది, బిగించానని..."

"అబద్ధం రాశాడు. ఆయన రాకముందు ఆ వైరు నేను పదిసార్లు పీకి పెట్టాను. వదులుంటే నాకు తెలీదా? ఆ పొద్దున వాడని పోర్టులు మూసెయ్యమని నాకు లిస్టిచ్చారు. అందులో పంతొమ్మిది ఉంది. స్విచ్ మీద స్టిక్కర్లు ఒకటి నుంచి, లోపల లెక్క సున్నా నుంచి. స్టిక్కరు మీద పంతొమ్మిదంటే లోపల పద్దెనిమిది కొట్టాలి. పంతొమ్మిదే కొడితే..."

"ఇరవయ్యోది మూసుకుంటుంది. తెలుసు."

"కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. పదేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నదాన్ని, నేను చేశాను. అవతలి బిల్డింగు మొత్తం ఆగిపోయింది. నిన్నడిగితే నీకూ అంతుపట్టలేదు. కాళ్ళూ చేతులూ ఆడక, గుండె బరువుగా ఉందని సెలవు పెట్టి ఇంట్లో పడుకున్న మనిషికి ఫోన్ చేశాను."

"ఆపు వదినా."

"లిఫ్ట్ పాడైంది, మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. లాగ్ చూశాడు, ఏదో కొట్టాడు, లైటు పచ్చబడింది. 'ఏం లేదే, వైరు వదులంతే' అని నవ్వి, రిజిస్టర్లో అదే రాసి, ఆ స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. నేను తెచ్చేసరికి..."

"చాలు. ఇక చాలు."

"కర్మలయ్యాక వచ్చి లాగ్ తీస్తే అందులో నా పేరే ఉంది. తొమ్మిదీ ఇరవైకి పోర్టు మూసినట్టు, నా పేరు మీద. అది చూసి కూడా నన్నొక్క మాట అనకుండా పోయాడు. ఆ లాగ్ పోనివ్వను. నా తప్పుకి అదొక్కటే సాక్ష్యం."

"అలా అనకు. నీ తప్పేంటి?"

"నా వేలితో నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నాను. ఇంకెలా అనమంటావు? విచిత్రం చూడు, అది కొట్టినట్టు మాత్రం నాకు గుర్తే లేదు. రాత్రీ పగలూ గింజుకున్నా గుర్తురాదు."

"ఇన్ని రోజులు... నాతో ఒక్కసారి అనుండొచ్చు కదా వదినా."

"అంటే నా మొహం చూసేవాడివా? తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నావు నావల్ల. అదేంటి, ఏడుస్తున్నావెందుకు? నిన్నేమన్నాను?"

"ఆ పొద్దున స్కూలు నుంచి ఫోనొస్తే వరండాలోకి వెళ్ళావు."

"పాపకి జ్వరమని చేశారు. అవును. అయితే?"

"తెర నీ పేరు మీదే తెరిచి వెళ్ళావు, పక్కన లిస్టు పెట్టి. సగం పోర్టులు మిగిలున్నాయి."

"ఉంటే?"

"నువ్వొచ్చేలోపు పూర్తిచేసి పెడదామని నీ కుర్చీలో కూర్చుంది నేను వదినా."